ఒకే పేరు, రెండు ఓడలు: మునిగిన లాఫీ, మునగని లాఫీ

పోయిన నెల ఈ శీర్షికలో పసిఫిక్ యుద్ధం గురించి ఒక పాఠకుడు అడిగితే జవాబులో ఒకే ఒక్క వాక్యం రాసాను, "గ్వాడల్‌కెనాల్ దగ్గర రాత్రి యుద్ధంలో అమెరికా డిస్ట్రాయర్ లాఫీ మునిగిపోయింది" అని. ఆ ఒక్క వాక్యం మీద ఇన్ని ఉత్తరాలు, మెయిళ్ళు వస్తాయని నేను అనుకోలేదు, అన్నీ చదివాను, చాలామంది ఒకే సందేహం వేర్వేరు మాటల్లో అడిగారు. అందుకే ఈసారి పేజీ మొత్తం లాఫీకే.

ప్రశ్న: లాఫీ 1942లో మునిగిపోయిందని మీరు రాసారు. నేను చూసిన డాక్యుమెంటరీలో మాత్రం లాఫీ 1945లో ఒకినావా దగ్గర ఆత్మాహుతి విమానాలతో పోరాడి బతికి బయటపడిందని, ఇప్పుడు మ్యూజియంగా ఉందని చూపించారు. పొరపాటు మీదా, వాళ్ళదా?

జవాబు: ఎవరిదీ కాదండి, రెండూ నిజమే, ఎందుకంటే అవి రెండు ఓడలు. మొదటి లాఫీ నంబర్ డీడీ-459, శాన్ ఫ్రాన్సిస్కోలో కట్టారు, 1942 మార్చి 31న నేవీలో చేరింది, అదే ఏడాది నవంబర్ 13న మునిగిపోయింది. అంటే దాని సర్వీసు మొత్తం ఏడున్నర నెలలు. రెండో లాఫీ నంబర్ డీడీ-724, మెయిన్ రాష్ట్రంలో బాత్ అనే ఊళ్ళో కట్టారు, 1944 ఫిబ్రవరి 8న చేరింది. మీరు చూసింది రెండోదాన్ని, నేను రాసింది మొదటిదాని గురించి. అమెరికా నేవీలో పేరు మళ్ళీ వాడతారు గానీ నంబర్ మాత్రం తిరిగి ఇవ్వరు, అందుకని పాత ఓడల గురించి చదివేటప్పుడు పేరు పక్కన నంబర్ కూడా చూసుకుంటే ఈ తికమక రాదు. పోయిన నెల నేను నంబర్ రాసి ఉండాల్సింది, రాయలేదు, ఆ తప్పు నాదే.

ప్రశ్న: ఇంతకీ లాఫీ ఎవరు? పెద్ద అడ్మిరల్ అయి ఉంటారా?

జవాబు: అడ్మిరల్ కాదు, అసలు ఆఫీసరే కాదు. బార్ట్‌లెట్ లాఫీ అని ఐర్లండ్‌లో పుట్టి అమెరికా నేవీలో చేరిన మామూలు నావికుడు. అమెరికా అంతర్యుద్ధంలో మార్మొరా అనే ఓడ మీద పనిచేసేవాడు. 1864 మార్చి 5న మిసిసిపీలో యాజూ సిటీ దగ్గర ఒడ్డు మీద గట్టి పోరు జరుగుతుంటే, బండి చక్రాల మీద పెట్టిన ఒక చిన్న ఫిరంగిని ఓడ నుంచి దింపుకుని తన జట్టుతో కలిసి ఆ గొడవ మధ్యలోకి వెళ్ళాడు. అవతల నుంచి తుపాకుల వాన. ఆ తూటాలకి ఫిరంగి బండి చెక్కలు లేచిపోయాయి, గుండు కూరే కర్ర కూడా దెబ్బతింది, అయినా ఈయన ఫిరంగి దగ్గర్నుంచి కదల్లేదు, చివరికి శత్రువు వెనక్కి తగ్గాడు. దానికి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, సాహసానికి అమెరికా సైన్యంలో ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం అది. 1901లో చనిపోయాడు.

నాకు ఈ కథలో బాగా నచ్చేది ఆ కర్ర. అది పోతే ఫిరంగి ఉండీ లేనట్టే కదా, అది చేతిలో ఉండగానే దెబ్బలు తగులుతుంటే నిలబడ్డాడంటే ఎంత దగ్గర్నుంచి కాలుస్తున్నారో ఊహించుకోండి. అమెరికా నేవీ డిస్ట్రాయర్లకి ఇలాంటివాళ్ళ పేర్లే పెట్టే పద్ధతి, భారీ తుపాకుల పెద్ద ఓడలైన బాటిల్‌షిప్‌లకి రాష్ట్రాల పేర్లు, మధ్యరకం క్రూయిజర్లకి ఊళ్ళ పేర్లు, చిన్నవైన డిస్ట్రాయర్లకి మనుషుల పేర్లు. ఆ మనుషుల్లో అడ్మిరళ్ళూ ఉన్నారు, ఇలా ఫిరంగి లాగినవాళ్ళూ ఉన్నారు.

ప్రశ్న: మొదటి లాఫీ ఎలా మునిగింది? ఆ రాత్రి ఏం జరిగిందో కొంచెం వివరంగా రాయండి, ఎక్కడ చదివినా రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు.

జవాబు: మీరు అడిగారు కాబట్టి తీరిగ్గానే రాస్తాను. ముందు ఆ గొడవ దేనికో తెలియాలి. సాలమన్ దీవుల్లో గ్వాడల్‌కెనాల్ అనే దీవి, దాని మీద హెండర్సన్ ఫీల్డ్ అని ఒక రన్‌వే, అది అమెరికన్ల చేతిలో ఉంది. పగలు ఆ రన్‌వే నుంచి విమానాలు లేస్తాయి కాబట్టి చుట్టుపక్కల సముద్రం పగలంతా అమెరికాది, రాత్రయితే జపాన్‌ది, రోజూ ఇదే వరస. ఆ రన్‌వేని పాడు చేస్తే తప్ప జపాన్ తన సైనికుల్ని పెద్ద సంఖ్యలో దింపలేదు. అందుకని రాత్రిపూట బాటిల్‌షిప్‌లతో వచ్చి ఆ రన్‌వేని తుక్కుతుక్కు చేసేద్దామని బయల్దేరారు. అడ్మిరల్ హిరోయాకి అబె నాయకత్వంలో హియె, కిరిషిమా అని రెండు బాటిల్‌షిప్‌లు, ఒక చిన్న క్రూయిజర్, పదకొండు డిస్ట్రాయర్లు.

ఎదురుగా అడ్మిరల్ డేనియల్ క్యాలహన్ దగ్గర ఉన్నవి ఐదు క్రూయిజర్లు, ఎనిమిది డిస్ట్రాయర్లు, బాటిల్‌షిప్ ఒక్కటీ లేదు. పదమూడు ఓడలూ ఒకదాని వెనక ఒకటి చీమల బారులా ఒకే వరసలో, అందరికంటే ముందు కుషింగ్, దాని వెనకే రెండోది లాఫీ. లాఫీకి అప్పటికే కొంచెం అనుభవం ఉంది, సెప్టెంబర్ 15న వాస్ప్ అనే విమానవాహక నౌక మునిగితే నీళ్ళలో ఉన్నవాళ్ళని ఎక్కించుకున్న ఓడల్లో ఇదొకటి, అక్టోబర్‌లో కేప్ ఎస్పరన్స్ రాత్రి యుద్ధంలో కూడా ఉంది.

1942 నవంబర్ 13, శుక్రవారం, అర్ధరాత్రి దాటి సుమారు ఒంటిగంట యాభై. చంద్రుడు లేని చీకటి. హెలెనా అనే క్రూయిజర్‌లో కొత్త రకం రాడార్ ఉంది, అది జపాన్ ఓడల్ని ముందే పట్టింది, కానీ క్యాలహన్ ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోలో ఆ రాడార్ లేదు, ఆయన రేడియోలో అడిగి తెలుసుకోవాలి, అదే రేడియోలో అందరూ మాట్లాడుతున్నారు, ఈలోపు రెండు దళాలూ ఒకదానిలోకి ఒకటి దూరిపోయాయి. ముందున్న కుషింగ్ గుద్దుకోకుండా ఒక్కసారిగా పక్కకి తిప్పింది, దాంతో వెనక వరసంతా చెదిరింది, జపాన్ వాళ్ళు సెర్చ్‌లైట్ వేసారు, ఇక కాల్పులే. క్యాలహన్ ఇచ్చిన ఆర్డర్ ఏంటంటే వరసలో బేసి నంబర్ ఓడలు కుడివైపు, సరి నంబర్ ఓడలు ఎడమవైపు కాల్చాలని. వరసే చెదిరిపోయాక ఎవరి ఎడమ ఎటో ఎవరికి తెలుసు.

ఆ చీకట్లో లాఫీ ముందుకి హియె వచ్చేసింది. లాఫీ బరువు 1,620 టన్నులు, హియె 36,000 టన్నుల పైచిలుకు. ఇంచుమించు గుద్దుకోబోయి, హియె మొనకి దాదాపు ఇరవై అడుగుల దూరంలో లాఫీ తప్పించుకుని దాటింది. ఇరవై అడుగులంటే రెండు మంచాలు కొసకి కొస వేసి ఇంకొకటి వేస్తే వచ్చే దూరం, సముద్రం మీద రెండు యుద్ధనౌకల మధ్య! తలెత్తి చూస్తే పైన కొండలా బాటిల్‌షిప్ బ్రిడ్జి, అంటే ఓడని నడిపించే చోటు, అక్కడ అడ్మిరల్ అబె నిలబడి ఉన్నాడు. లాఫీ గన్నర్లు అయిదంగుళాల తుపాకులతో, మెషిన్ గన్లతో ఆ బ్రిడ్జి మీదకే కాల్చారు. అబె గాయపడ్డాడు, ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ కెప్టెన్ మసకనె సుజుకి అక్కడే చనిపోయాడు. దళం మొత్తానికి ఆర్డర్లు ఇవ్వాల్సిన చోటే దెబ్బ తగిలింది.

కానీ అంత దగ్గరగా వెళ్ళిన ఓడని వదులుతారా. వెనక ఒక బాటిల్‌షిప్, ఎడమ పక్కన రెండోది, ఎడమ మొన వైపు రెండు డిస్ట్రాయర్లు. లాఫీకి నాలుగు పెద్ద తుపాకులు, వాటిలో మూడే మిగిలాయి, ఆ మూడింటితోనే కాలుస్తూ ఉంది. తర్వాత పద్నాలుగు అంగుళాల షెల్ తగిలింది, దాని బరువు ఆరు వందల కిలోల పైన, లాఫీ తిరిగి కొట్టే షెల్ పాతిక కిలోలు. ఆ వెంటనే వెనక భాగంలో టార్పెడో. ఇక ఓడ కదల్లేదు. కెప్టెన్ విలియం హ్యాంక్ ఓడ వదిలేయమని చెప్పాడు, ఆ మాట అందరికీ చేరుతుండగానే లోపల పెద్ద పేలుడు, లాఫీ చీలిపోయి అప్పటికప్పుడు మునిగిపోయింది. హ్యాంక్ కూడా దానితోనే పోయాడు.

ప్రశ్న: ఇరవై అడుగుల దూరంలో ఉంటే బాటిల్‌షిప్ ఒక్క దెబ్బతో లేపేయొచ్చు కదా? లాఫీ టార్పెడోలు ఎందుకు వెయ్యలేదు?

జవాబు: అంత దగ్గరగా ఉంటే హియె పెద్ద తుపాకులు లాఫీ మీదకి వంగవు, అవి దూరంగా కొట్టడానికి చేసినవి, కిందకి కొంతవరకే దిగుతాయి, అందుకే కొద్ది క్షణాలు లాఫీ వాటి కింద దాక్కున్నట్టు అయింది. దూరం పెరిగాక మాత్రం అందింది. టార్పెడోలు వేసింది, అవి వెళ్ళి తగిలాయి కూడా, కానీ పేలలేదు. టార్పెడో నీళ్ళలో కొంత దూరం పరిగెత్తాకే దాని ఫ్యూజ్ సిద్ధమవుతుంది, లేకపోతే వేసిన ఓడ పక్కనే పేలిపోయే ప్రమాదం, ఇక్కడ ఆ దూరం లేకుండా పోయింది.

ప్రశ్న: ఎంతమంది చనిపోయారు? అంతా చేసి ఫలితం ఏమైనా వచ్చిందా?

జవాబు: ఓడలో 247 మంది ఉంటే 59 మంది చనిపోయారు, 116 మంది గాయపడ్డారు. ఆ రాత్రి మొత్తం లెక్క ఇంకా భయంకరం. క్యాలహన్ చనిపోయాడు, ఇంకో అడ్మిరల్ నార్మన్ స్కాట్ చనిపోయాడు, జూనో అనే క్రూయిజర్‌తో పాటు సలివన్ అనే ఒకే ఇంటి అన్నదమ్ములు ఐదుగురూ పోయారు. ఐదుగురూ. ఒక్క తల్లి కడుపున పుట్టిన కొడుకులందరూ ఒకే ఓడ మీద. అది రాసేటప్పుడు ఎప్పుడూ చెయ్యి ఆగుతుంది నాకు.

ఫలితం అంటే, అబె రన్‌వే మీద ఒక్క షెల్ వెయ్యకుండానే వెనక్కి తిరిగాడు. హియె చుక్కాని గది దగ్గర శాన్ ఫ్రాన్సిస్కో షెల్ తగిలి నీళ్ళు చేరాయి, తిన్నగా పోలేక అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోయింది, తెల్లారాక ఏ రన్‌వేని పాడు చెయ్యడానికి వచ్చిందో ఆ రన్‌వే నుంచే లేచిన విమానాలు దాన్ని రోజంతా కొట్టాయి, ఆ సాయంత్రం దాటాక మునిగింది. ఆ యుద్ధంలో జపాన్ పోగొట్టుకున్న మొదటి బాటిల్‌షిప్ అదే. ఇదంతా లాఫీ ఒక్కటే చేసిందని నేను అనను, చాలా ఓడలు కలిసి చేసాయి, కానీ ఆ బ్రిడ్జి మీద తగిలిన దెబ్బ లాఫీది. ఓడకి ప్రెసిడెన్షియల్ యూనిట్ సైటేషన్ ఇచ్చారు, అది ఓడ మొత్తం చూపిన సాహసానికి ఇచ్చే గౌరవం, హ్యాంక్‌కి చనిపోయాక నేవీ క్రాస్ ఇచ్చారు, తర్వాత ఒక డిస్ట్రాయర్‌కి హ్యాంక్ అనే పేరు కూడా పెట్టారు.

ప్రశ్న: మునిగిపోయిన ఓడ పేరు కొత్త ఓడకి పెట్టడం అశుభం కాదా? ఆ పేరున్న ఓడలో ఎక్కడానికి నావికులు భయపడరా?

జవాబు: ఈ ప్రశ్న నలుగురు అడిగారు, నాకూ మొదట్లో ఇదే అనిపించేది. కానీ ఇంట్లో తాత పోతే మనవడికి ఆయన పేరే పెట్టుకుంటాం కదా, అది అశుభం అనుకోం, పేరు నిలబడాలనే పెడతాం, ఇదీ అలాంటిదే. ఆ ఒక్క రాత్రి యుద్ధంలో పోయిన అమెరికా ఓడలు ఆరు, కుషింగ్, లాఫీ, బార్టన్, మాన్సెన్ అనే నాలుగు డిస్ట్రాయర్లు, అట్లాంటా, జూనో అనే రెండు క్రూయిజర్లు. ఆరింటి పేర్లూ కొత్త ఓడలకి మళ్ళీ పెట్టారు, ఒక్కటి కూడా వదల్లేదు.

అయితే పేరు కాపాడుతుందని మాత్రం నేను చెప్పను, అది అబద్ధం అవుతుంది. మెరెడిత్ అనే డిస్ట్రాయర్ 1942 అక్టోబర్‌లో సాలమన్ దీవుల దగ్గర మునిగింది, అదే పేరుతో మళ్ళీ కట్టిన మెరెడిత్ 1944 జూన్‌లో నార్మండీ దగ్గర మునిగింది, నేవీలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. అప్పుడు ఏం చేసారు? ఇంకో మెరెడిత్ కట్టారు. అది శకునాల గురించి ఆలోచించేవాళ్ళు చేసే పని కాదు, ఆ పేరుని పోనివ్వం అనుకునేవాళ్ళు చేసే పని.

రెండో లాఫీ జలప్రవేశం 1943 నవంబర్ 21న జరిగింది, మొదటిది మునిగి ఏడాది మీద ఎనిమిది రోజులు. ఓడకి పేరు పెట్టి నీళ్ళలోకి పంపించింది ఎవరో తెలుసా, బియాట్రిస్ లాఫీ, ఆ యాజూ సిటీ బార్ట్‌లెట్ లాఫీ సొంత కూతురు. 1864లో ఫిరంగి పక్కన నిలబడిన మనిషి కూతురు 1943లో బతికే ఉంది! మనకి అంతర్యుద్ధం అంటే ఏదో పుస్తకాల కాలం, ఆవిడకి అది నాన్న కథ.

ప్రశ్న: రెండో లాఫీని "చావని ఓడ" అంటారట, ఎందుకు?

జవాబు: అది 1945 ఏప్రిల్ 16 ఉదయం సంపాదించుకున్న పేరు. అప్పటికే ఆ ఓడ చాలా చూసింది, 1944 జూన్‌లో నార్మండీ దగ్గర ఉంది, అదే నెల 25న షెర్బూర్గ్ రేవు దగ్గర ఒక షెల్ వచ్చి తగిలి అదృష్టం కొద్దీ పేలలేదు, తర్వాత పసిఫిక్ వెళ్ళి ఫిలిప్పీన్స్, ఇవో జిమా అన్నీ తిరిగింది.

ఒకినావా దగ్గర దాని డ్యూటీ పేరు రాడార్ పికెట్. అంటే పెద్ద నౌకాదళానికి ఉత్తరంగా దూరంగా వెళ్ళి ఒంటరిగా కాపలా ఉండాలి, జపాన్ నుంచి వచ్చే విమానాల్ని రాడార్‌లో ముందే పట్టి వెనకున్న వాళ్ళకి చెప్పాలి. చెప్పడం బాగానే ఉంది గానీ ఆ వచ్చే విమానాలకి మొదట కనపడేది కూడా ఈ ఓడే. ఊరి పొలిమేరలో కావలి ఉన్నవాడికే మొదటి దెబ్బ. లాఫీ ఉన్నది ఒకటో నంబర్ పికెట్ స్టేషన్, అన్నిటికంటే ఎక్కువ దాడులు తిన్న చోట్లలో ఒకటి.

ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలైంది. మొదట నాలుగు డైవ్ బాంబర్లు వచ్చి రెండు జట్లుగా విడిపోయి ముందు నుంచి రెండు, వెనక నుంచి రెండు దూకాయి, వాటిని పడగొట్టారు, ఊపిరి తీసుకునే లోపు ఇంకో రెండు, మళ్ళీ ఇంకో రెండు. కెప్టెన్ ఫ్రెడరిక్ జూలియన్ బెక్టన్ ఓడని అటూ ఇటూ తిప్పుతూ, వచ్చే విమానానికి ఓడ పక్కభాగం చూపించేలా నడిపాడు, అప్పుడైతే ఎక్కువ తుపాకులు ఒకేసారి కాల్చగలవు. కొంతసేపు అది పనిచేసింది. తర్వాత ఒక విమానం వచ్చి వెనక భాగంలో పడింది, పెట్రోలు మంటలు, వెనక పెద్ద తుపాకుల మౌంట్ పోయింది, ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి. ఒక బాంబు వెనక చుక్కాని దగ్గర పడి చుక్కాని ఎడమకి 26 డిగ్రీల దగ్గర బిగుసుకుపోయింది. ఇక బెక్టన్ చేతిలో మిగిలింది వేగం పెంచడం, తగ్గించడం మాత్రమే, ఓడ గుండ్రంగా తిరుగుతూనే ఉంది. హియె సంగతి పైన చెప్పాను కదా, చుక్కాని పోయిన ఓడ బతకడం చాలా కష్టం.

ఒక విమానం అయితే పైన స్తంభం అడ్డకొయ్యని కొట్టుకుంటూ పోయింది, జెండా కింద పడింది. దాన్ని తరుముకుంటూ వచ్చిన అమెరికా కోర్సేర్ విమానం కూడా రాడార్ ఏంటెన్నాకి తగిలింది, పైలట్ దూకి బతికాడు. అంత గందరగోళంలో ఒక సిగ్నల్ నావికుడు ఇంకో జెండా పట్టుకుని ఆ స్తంభం ఎక్కి కట్టి వచ్చాడు.

ఆ మధ్యలోనే ఒక కుర్ర ఆఫీసర్ వచ్చి వెనకంతా పరిస్థితి బాగాలేదు, ఓడ వదిలేయాల్సి వస్తుందా అని అడిగితే బెక్టన్ ఇచ్చిన జవాబు అమెరికా నేవీలో ఇప్పటికీ చెప్పుకుంటారు, కాల్చడానికి ఒక్క తుపాకీ మిగిలి ఉన్నంతవరకు ఓడ వదలను అన్నాడు.

ఎనభై నిమిషాలు. ఇరవై రెండు దాడులు. ఆరు విమానాలు వచ్చి ఓడ మీద పడ్డాయి, నాలుగు బాంబులు తగిలాయి. 32 మంది చనిపోయారు, 71 మంది గాయపడ్డారు. చివరికి మిగిలినవి కొన్ని చిన్న తుపాకులే, అయినా ఓడ తేలుతూనే ఉంది. అక్కడే ఉన్న రెండు చిన్న ల్యాండింగ్ సపోర్ట్ ఓడలు, పైన మెరైన్ కోర్సేర్లు సాయపడ్డాయి, అది మర్చిపోకూడదు, వాళ్ళు లేకపోతే కథ వేరేలా ఉండేది. తర్వాత లాక్కుంటూ ఒకినావా ఒడ్డుకి తెచ్చారు, కన్నాలకి తాత్కాలికంగా అతుకులు వేసి పసిఫిక్ దాటించి మే నెలలో వాషింగ్టన్ రాష్ట్రానికి చేర్చారు, అక్కడ రిపేర్ మొదలెట్టే ముందు ఆ దెబ్బలు అలాగే ఉంచి మామూలు జనాన్ని పిలిచి చూపించారు. ఈ ఓడకి కూడా ప్రెసిడెన్షియల్ యూనిట్ సైటేషన్ వచ్చింది. రెండు లాఫీలకీ అదే గౌరవం.

ప్రశ్న: మొదటి లాఫీకి, రెండో లాఫీకి పేరు తప్ప ఇంకేమైనా సంబంధం ఉందా?

జవాబు: ఉంది, ఈ పేజీ అంతా రాయాలనిపించడానికి అసలు కారణం కూడా అదే. ఆ బెక్టన్ 1942 నవంబర్ 13 రాత్రి ఎక్కడ ఉన్నాడనుకున్నారు? క్యాలహన్ వరసలో పదో ఓడ ఆరన్ వార్డ్, దాని మీద రెండో స్థానంలో ఉన్న ఆఫీసర్ ఆయన. అంటే మొదటి లాఫీ మునిగిన ఆ చీకటి గందరగోళంలో ఆయన కూడా ఉన్నాడు. ఆరన్ వార్డ్ ఆ రాత్రి బాగా దెబ్బతిని కూడా బతికింది, కానీ 1943 ఏప్రిల్ 7న అదే గ్వాడల్‌కెనాల్ దగ్గర విమానాల దాడిలో మునిగింది, అప్పుడు దాని కెప్టెన్ బెక్టనే.

ఇప్పుడు ఆయన స్థానంలో ఉండి ఆలోచించండి. ఒక ఓడని పోగొట్టుకున్న కెప్టెన్, ఏడాది తిరక్కుండా కొత్త ఓడ ఇచ్చి దాని పేరు లాఫీ అంటే, ఆ పేరు ఎవరిదో ఆయనకి ఇంకొకరు చెప్పాలా? రికార్డులో ఉన్న పేరు కాదు అది ఆయనకి, తను ఉన్న వరసలో ముందు వెళ్ళి తిరిగిరాని ఓడ. ఒకినావాలో ఓడ వదలను అన్న మాట వెనక ఆరన్ వార్డ్ కూడా ఉందని నాకు అనిపిస్తుంది, ఇది నా ఊహే, కానీ ఒకసారి ఓడ మునగడం చూసిన మనిషి ఆ మాట తేలిగ్గా అనడు.

ఇంకొకటి, ఆరన్ వార్డ్ పేరు కూడా మళ్ళీ పెట్టారు. ఆ కొత్త ఆరన్ వార్డ్ 1945 మే 3న, అంటే లాఫీ తర్వాత మూడు వారాలు కూడా కాకముందే, అదే ఒకినావా దగ్గర పికెట్ డ్యూటీలో వరసగా ఆత్మాహుతి విమానాల దెబ్బలు తిని, అదీ మునగలేదు.

ప్రశ్న: డిస్ట్రాయర్ అంటే అన్నిటికంటే పెద్ద యుద్ధనౌక అనుకున్నాను. బాటిల్‌షిప్ ముందు అంత చిన్నదా?

జవాబు: పేరు వింటే అలాగే అనిపిస్తుంది. అసలు పేరు టార్పెడో బోట్ డిస్ట్రాయర్, చిన్న చిన్న టార్పెడో పడవల్ని తరిమి నాశనం చేసేది అని, వాడగా వాడగా చివరి ముక్క మిగిలింది. బాటిల్‌షిప్‌కి ఉండే మందపాటి ఉక్కు కవచం వీటికి ఉండదు, పల్చటి రేకు, అందుకే నావికులు వీటిని ముద్దుగా టిన్ క్యాన్ అంటారు, డబ్బా అన్నమాట. వేగమే వీటి రక్షణ. రెండో లాఫీ మొదటిదానికంటే కొంచెం పెద్దది, 2,200 టన్నులు, నాలుగు పెద్ద తుపాకులకి బదులు ఆరు, అయినా డబ్బా డబ్బానే.

ప్రశ్న: రెండో లాఫీ యుద్ధం తర్వాత ఏమైంది? ఇప్పుడు వెళ్ళి చూడొచ్చా?

జవాబు: చూడొచ్చు. 1946లో బికినీ దీవుల్లో అణుబాంబు పరీక్షలప్పుడు అక్కడ డ్యూటీ చేసింది, 1947లో పక్కన పెట్టేసారు, కొరియా యుద్ధం రావడంతో 1951లో మళ్ళీ బయటికి తీసారు, 1975 మార్చి 9న ఆఖరిగా రిటైర్ అయింది. 1981 నుంచి సౌత్ కరోలైనాలో ఛార్లెస్టన్ రేవు ఎదురుగా పేట్రియట్స్ పాయింట్ అనే చోట మ్యూజియంగా ఉంది, 1986లో జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. అదే చోట యార్క్‌టౌన్ అనే విమానవాహక నౌక కూడా ఉంది, అది కూడా మునిగిన ఓడ పేరు మోసేదే, దీనికి ముందున్న యార్క్‌టౌన్ 1942 జూన్‌లో మిడ్‌వే యుద్ధంలో పోతే అప్పటికే కడుతున్న ఇంకో ఓడకి పేరు మార్చి ఇది పెట్టారు. రెండూ ఒకే రేవులో ఉండటం చూస్తే నాకు భలే అనిపిస్తుంది.

అయితే ఆత్మాహుతి విమానాలు ముంచలేకపోయిన ఈ ఓడని ఉప్పునీళ్ళు దాదాపు ముంచేసాయి. 2008 నాటికి అడుగు భాగం తుప్పు పట్టి వందకి పైగా చోట్ల కారడం మొదలైంది, నీళ్ళు లోపలికి వస్తూనే ఉన్నాయి, పంపులతో తోడుతూనే ఉన్నారు. ఒక దశలో మ్యూజియం వాళ్ళు ఇక దీన్ని ఉంచగలమా అని భయపడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం 92 లక్షల డాలర్ల అప్పు ఇస్తే 2009 ఆగస్టులో డ్రై డాక్‌కి లాక్కెళ్ళి అడుగు మార్చారు, 2012 జనవరిలో తిరిగి తెచ్చారు. ఆ రోజు ఒడ్డున నిలబడిన పాత నావికుల ఫోటోలు చూసాను, తొంభైకి దగ్గర పడ్డవాళ్ళు, టోపీ మీద ఓడ పేరు.

ప్రశ్న: మొదటి లాఫీ శకలాలు దొరికాయా? పైకి తీస్తారా?

జవాబు: దొరికాయి. టైటానిక్‌ని కనిపెట్టిన రాబర్ట్ బల్లార్డ్ బృందమే 1992లో గ్వాడల్‌కెనాల్ దగ్గర సముద్రం అడుగున వెతికింది, అక్కడ ఎన్ని ఓడలు పడి ఉన్నాయంటే ఆ జలసంధి పేరే ఐరన్‌బాటమ్ సౌండ్ అయిపోయింది, అంటే అడుగంతా ఇనుమే అని. పైకి తియ్యరు. వందల మీటర్ల లోతు, పైగా అది సమాధి కిందే లెక్క, యుద్ధంలో మునిగిన అమెరికా ఓడల్ని అనుమతి లేకుండా ఎవరూ కదిలించకూడదని 2004లో చట్టం కూడా చేసారు. లాఫీ ఒరిగిపోలేదు, నిటారుగా కూర్చుని ఉంది, ముందు భాగం చాలావరకు అలాగే ఉంది. వెనక భాగం లేదు, టార్పెడో తగిలింది అక్కడే.